మనుషులు హత్యల దాకా ఎందుకు పోతారు? ఉరిశిక్షలు, ఎన్‌కౌంటర్లు పెడితే తగ్గుతాయా?

తగ్గవండి. ఇట్లాంటి ప్రశ్న ఎక్కడ వచ్చినా సగం మంది నడిరోడ్డు మీద ఉరి తీయాలంటారు, మిగతా సగం పెంపకం బాగాలేదు, సెల్‌ఫోన్లు చెడగొట్టినాయి అంటారు. హత్యను కళ్ళారా చూసి కోర్టులో చెప్పాల్సిన సాక్షి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నేను చూసినంతలో అసలు సంగతంతా ఆడనే ఉంది.

మాది నంద్యాల వైపు ఒక పల్లె. మా వైపు అనంగానే అందరికీ బాంబులు, సుమోలు గుర్తొస్తాయి, నేను హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు రూము కోసం పోతే ఓనరు ఊరి పేరు అడిగి "మీ సైడు వాళ్ళకు ఇవ్వము బాబూ" అని మొహం మీదే తలుపేసినాడు. ఇదంతా సినిమాల పుణ్యమే. ఏళ్ళ తరబడి మా ఊర్ల పేర్లు చెప్పి తొడలు కొట్టించి డబ్బులు చేసుకున్నారు గానీ, చచ్చినోని పెళ్ళాం చంకలో పిల్లతో వాయిదాలకు ఆర్టీసీ బస్సెక్కి తిరగడం తీసినోన్ని నేనైతే చూళ్ళేదు.

"సీమ రక్తం, పౌరుషం" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులు నమోదైతే అందులో 9,962 తగాదాల వల్లేనని దేశంలో నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ చెప్పింది. వాళ్ళందరిదీ సీమ రక్తమేనా? కొందరు చదువుకున్నోళ్ళు 1800లో నిజాం మా జిల్లాలను ఇంగ్లీషోళ్ళకు ఇచ్చేసిన కాన్నుంచి మొదలుపెట్టి, మన్రో అనే ఇంగ్లీషు కలెక్టరు వచ్చి ఊర్ల మీద పెత్తనం చేసే పాలెగాళ్ళను అణిచినాడు, ఆ పగలే ఇవి అని చెప్తారు. చరిత్ర కాదనను గానీ ఏ రైతూ పాలెగాన్ని తల్చుకుని వేటకొడవలి పట్టడు. గట్టు మూరెడు జరిపినారని పడతాడు, బండి దారికి కంప అడ్డం వేసినారని పడతాడు. దానికి ఊర్లో పెద్దోడు తోడవుతాడు, ఎందుకంటే వానికి ఓట్లు కావాల, కాంట్రాక్టులు కావాల, వెనకాల మనుషులు కావాల. ఒకప్పుడు సారా వేలం పాటలు ఉండేవి, పాట ఎవరు పాడాల ఎవరు పాడగూడదు అనేది బలాన్ని బట్టే తేలేది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చి ఆ డబ్బు ఆగిపోయినాక మా పక్క ఊర్లలో ఒకరిద్దరు పెద్దోళ్ళకు మనుషుల్ని మేపే శక్తి తగ్గడం మా నాయన కళ్ళారా చూసినాడు. దూబగుంట ఆడోళ్ళు నెల్లూరు జిల్లాలో సారా మీద మొదలుపెట్టిన ఉద్యమం మా వైపు ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఎవరూ రాయరు. అది నా అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం.

ఇంగ సాక్షి సంగతి. మా ఊర్లో బండి దారి తగాదాలో ఒకాయన్ని పొద్దున్నే బస్టాపు దగ్గర టీ బంకు కాడ నరికినారు. మా నాయన ఆడనే టీ తాగతా ఉన్నాడు, చూసినాడు. ముగ్గురు నరికితే కంప్లైంటులో పది మంది పేర్లు రాయించినారు, పనిలో పనిగా అవతలి వర్గంలో చదువుకున్న పిల్లోళ్ళను కూడా, అందులో ఒకడు ఆ రోజు ఊర్లోనే లేడు, బెంగళూరులో పనిలో ఉన్నాడు. అవతలోళ్ళు ఊరుకుంటారా, మాకూ దెబ్బలు తగిలినాయి అని ఆసుపత్రిలో చేరి ఎదురు కేసు పెట్టినారు, 307, అంటే హత్యాయత్నం. కేసూ, కౌంటరూ. ఇట్ల అబద్ధం కలిపిన కేసులో నిజం కూడా నిలబడదు, బెంగళూరులో ఉన్నోని పేరు ఒక్కటి చాలు డిఫెన్సు లాయరుకు.

కేసు ట్రయల్‌కి వచ్చేసరికి ఏళ్ళు గడిచిపోయినాయి, నేను డిగ్రీలో ఉన్నా. వాయిదాకు ముందు రోజు రాత్రి, మేము అన్నం తింటా ఉంటే ఇంటికి మనుషులు వచ్చినారు. చంపినోళ్ళ తరఫు వాళ్ళు అనుకుంటారేమో, కాదు. వచ్చింది చచ్చిపోయినాయన సొంత అన్న, ఆయనతో ఇద్దరు పెద్దమనుషులు. మా నాయన చెయ్యి కూడా కడుక్కోకుండా లేచినాడు. ఆ అన్న మంచం మీద కూచోలేదు, నిలబడే, "మామా, రాజీ అయిపోయినాము. రెండు కేసులూ కొట్టేపిచ్చుకుంటాండాము. నువ్వు రేపు పోయి నేను చూళ్ళేదని ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు. మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి "ఆయమ్మ ఒప్పుకున్యాదా?" అని అడిగినాడు. చచ్చినాయన పెళ్ళాం గురించి. "ఆడోళ్ళదేముంది మామా, నేను చెప్తాలే" అన్నాడు.

హత్య కేసులో చట్ట ప్రకారం రాజీ లేదు, పేపరు మీద రాజీ రాసుకోను కోర్టు ఒప్పుకోదు. అందుకే సాక్షులతో అబద్ధం చెప్పించి రాజీ చేస్తారు. దర్యాప్తులో సాక్షి చెప్పింది పోలీసు రాసుకునే స్టేట్‌మెంటు (అప్పట్లో 161 స్టేట్‌మెంటు అనేవాళ్ళు) మీద సాక్షి సంతకం ఉండదు, కాబట్టి నేను అట్ల చెప్పలేదు అంటే అయిపోతుంది.

తెల్లారి నాయనతో నేనూ పోయినా. బోనులో నిలబడి దేవుని ఎదుట ప్రమాణం చేసి అంతా నిజమే చెబుతాను అన్నాడు, ఆ వెంటనే నేను ఆడ లేను, ఏమీ చూళ్ళేదు అన్నాడు. పీపీ, అంటే గవర్నమెంటు తరఫు లాయరు, సాక్షి మాట తిప్పినాడని హోస్టైల్ డిక్లేర్ చేయించి స్టేట్‌మెంటు చదివి వినిపించి, ఇది నువ్వు చెప్పింది కాదా అంటే కాదు అన్నాడు. అంతా కలిపి ఇంత సేపే. బయటికొస్తే వరండాలో ఆయమ్మ కూచోని ఉంది, పక్కన హైస్కూలు చదివే కొడుకు. మా నాయన్ని చూసి తిట్టి ఉంటే బాగుండేదేమో, ఆమె ఏమీ అనలేదు. ఆ అబ్బోడు మాత్రం కళ్ళార్పకుండా చూసినాడు. నేరం అనుమానం లేకుండా రుజువు కాలేదని, బెనిఫిట్ ఆఫ్ డౌట్ కింద అందరి మీదా కేసు కొట్టేసినారు, చంపిన ముగ్గురూ, చంపని ఏడుగురూ ఒకే జీపులో ఊరికొచ్చినారు.

ఆ అబ్బోడు పెద్దోడైనాక వాళ్ళ నాయన్ని నరికినోళ్ళలో ఒకన్ని పొలంలో పట్టుకుని నరికినాడు. ఆయన చావలేదు గానీ చెయ్యి పోయింది. పిల్లోడు జైల్లో పడినాడు. ఊరంతా "రక్తం ఊరుకుంటుందా, వాళ్ళ నాయన పౌరుషమే" అన్నారు. నేను ఒప్పుకోను. వాడు కోర్టు వరండాలో కూచోని వాళ్ళ పెదనాయన, పెద్దమనుషులు, మా నాయన, అందరూ కలిసి కేసును ఎట్ల పూడ్చినారో చూసినాడు. ఇంగ కోర్టుకు ఎందుకు పోతాడు? మా నాయన్ని నేను తప్పు పట్టను, పొద్దున లేస్తే ఆ దారిలోనే పొలానికి పోవాల, ఆయనకు కాపలా ఎవరు? సాక్షిని పిలిచే సమన్ల కాగితం ఇంటికొస్తుంది గానీ సాక్షిని కాపాడే మనిషి మాత్రం రాడు.

ఇంగ ఉరిశిక్షలు, ఎన్‌కౌంటర్లు అనేవాళ్ళకు. 2019లో హైదరాబాద్ దగ్గర ఒక డాక్టరమ్మను అత్యాచారం చేసి చంపిన దిశ ఘటన తర్వాత డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చినప్పుడు పోలీసుల మీద పూలు చల్లినారు, మా ఆఫీసులో స్వీట్లు పంచినారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? పోలీసుల కథ నమ్మేట్టు లేదు, చనిపోయినోళ్ళలో ముగ్గురు మైనర్లు, పది మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాల అని. అప్పుడు పూలు చల్లినోళ్ళు ఈ రిపోర్టు చదివినారా? కాల్చేసినాక సాక్ష్యం లేదు, విచారణ లేదు, వీళ్ళే చేసినారని కోర్టులో తేలే దారి కూడా లేదు. ఆ 2019 డిసెంబర్‌లోనే ఆంధ్రాలో ఆడోళ్ళ మీద నేరాలకు దిశ బిల్లు పాస్ చేసినారు, ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజులని. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమల్లోకే రాలేదు. వచ్చినా ఏం చేస్తారు, ఫోరెన్సిక్ ల్యాబుల్లో మనుషులు చాలినంత లేకుండా, పీపీ ఒక్కడే లెక్కలేనన్ని కేసులు మోస్తా ఉంటే 21 రోజుల్లో ఏది తేలుతుంది? శిక్ష పెంచేది కాగితం మీద పని, ఖర్చు లేదు, అందుకే ప్రతి గవర్నమెంటుకూ అది ఇష్టం. సాక్షికి కాపలా పెట్టాలంటే డబ్బు కావాల, మనుషులు కావాల.

మా ఊర్లో ఇప్పుడు గొడవలు బాగా తగ్గినాయి. పిల్లోళ్ళు ఇంజనీరింగులు చదివి బెంగళూరు పోయినారు, పెద్దోని వెనకాల నిలబడేదానికి మనుషులు లేరు. ఎవరూ ఉరికి భయపడి మానుకోలేదు.

ఒకటి మాత్రం తెలుసుకోండి, ఎవరికన్నా అక్కరకొస్తుంది. సాక్షుల రక్షణ పథకం అని ఒకటి ఉంది, సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో ఒప్పుకుని దేశమంతా అమలు చేయాలంది, క్రిమినల్ కేసులు ఎట్ల నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 398వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రం సొంత పథకం పెట్టాల. సాక్షి గానీ ఇంట్లోవాళ్ళు గానీ లాయరు గానీ అర్జీ పెట్టుకోవచ్చు, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ చూస్తుంది, పోలీసులు ఎంత ముప్పు ఉందో రిపోర్టు ఇవ్వాల, ఇంటికి కాపలా, కోర్టుకు తీసుకపోను బండి, అవసరమైతే వేరే చోట ఉంచడం, ఇవన్నీ అడగొచ్చు. ఒకసారికి మూడు నెలల వరకు ఇస్తారు, మళ్ళీ అడగొచ్చు. మా పోలీస్ స్టేషన్లో అడిగితే కాగితాలు రాసే రైటరుకే తెలీదు, కాబట్టి స్టేషన్లో లేదన్నారని వెనక్కి రాకండి, నేరుగా జిల్లా కోర్టులో పీపీ ఆఫీసుకు పోయి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సాక్ష్యానికి ముందు రోజు దాకా ఆగొద్దు, ఆ రాత్రికి వచ్చేవాళ్ళు ముందే వస్తారు.