నగరానికి కొత్తగా వెళ్ళిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హైదరాబాదు చేరి వారమైనా కాకముందే ఊపిరాడటం లేదనీ, నాట్ల వంకతోనైనా ఇంటికి వచ్చేస్తాననీ రాశావు. అన్నిటికంటే నన్ను కదిలించినవి, బస్సు దిగగానే కనిపించిన మూసీ గురించి నీవు రాసిన నాలుగు మాటలు. పల్లెలో పెరిగిన మనిషి ఎక్కడికి వెళ్ళినా ముందు నీటినే చూస్తాడు. అక్కడ నల్లని నీళ్ళు, తెల్లని నురగ, ముక్కు మూసుకోవలసిన వాసన ఎదురైతే ఆ రోజంతా అన్నం సహించదు. 1984లో నేను పాత గౌలిగూడ బస్టాండులో దిగిన రోజున నా పరిస్థితీ అదే.

నీ బాధలో తప్పు లేదు. ఆ నది మనకు పరాయిది కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, నగరపు మురికినంతా మోసుకొని, చివరికి మన వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేది అదే మూసీ. కొత్త ఊరికి పిల్లనిచ్చే ముందు మన పెద్దలు చెరువు ఎక్కడుంది, కట్ట గట్టిదేనా, ఏరు పొంగితే నీళ్ళు ఎంతవరకు వస్తాయి అని ఆరా తీసేవారు కదా, నీవు ఈ నగరాన్ని కూడా అలాగే విచారించమని నా సలహా. పొలం చూసే కన్ను నీకుంది, దానిని బస్టాండులోనే మూసుకోవద్దు.

ఆ విచారణకు మొదట ఉస్మానియా ఆసుపత్రికి వెళ్ళు. బస్టాండు నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నడిచి వెళ్ళగలిగినంత దూరమే. ఆ ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. జబ్బుపడిన మిత్రునికి అన్నం క్యారియరు తీసుకొని వెళ్ళిన ఒక సాయంత్రం దానిని మొదటిసారి చూశాను. బెరడు మీద చెయ్యి వేస్తే మన రచ్చబండ దగ్గరి చింతమాను లాగే గరుకుగా తగిలింది. రాలిన సన్నని ఆకులు నా చెప్పులకు అంటుకున్నాయి. క్యారియరు కింద పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఈ ఊరికీ ఒక చెట్టు ఉందని, ఇక్కడివారూ నీటికి భయపడి చెట్టెక్కిన మనుషులేనని తెలిసిన తరువాత నాకు నగరం మీద కోపం సగం తగ్గింది. ఆ వరద తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మనవాళ్ళు గండిపేట అనేది ఆ ఉస్మాన్‌సాగర్‌నే. అక్కడి నీళ్ళను చూస్తే, ఊరిలోకి రాకముందు మూసీ ఎలా ఉండేదో నీకు అర్థమవుతుంది.

నీవు హాస్టలు తీసుకున్నది అమీర్‌పేటలో. రెండు మెట్రో దారులు కలిసే చోటు, పైగా సందుకొక కోచింగ్ కేంద్రం. అక్కడ మిట్టమధ్యాహ్నం నిలబడి నగరమంతా ఇంతేనని తీర్పు చెప్పవద్దు. తెల్లవారుజామున లేచే అలవాటును మానుకోకుండా ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్ళు. కూరగాయల గంపల మధ్య నిలబడితే మన యాస నీ చెవిన పడుతుంది, వానల సంగతీ తెలుస్తుంది. వీలైతే ఒక ఉదయం కె.బి.ఆర్. పార్కులో నడిచి, నెమళ్ళ అరుపులు విని, ఎవరో పేర్చినట్టు ఒకదానిపై ఒకటి నిలిచిన ఆ రాళ్ళను చూసిరా.

ఎవరూ పలకరించరని రాశావు. నిజమే, లక్షల మంది తిరిగే దారిలో అందరినీ పలకరించడం ఎవరివల్లా కాదు. అయితే అడిగితే చెప్పనివారు నాకు చాలా అరుదుగా కనిపించారు. చిక్కడపల్లిలో ఇంటి నంబరు రాసిన చీటీ పట్టుకొని గంటసేపు తిరుగుతున్న నన్ను చూసి, ఒక పాన్ డబ్బా పెద్దాయన తన కొట్టును కొడుకుకు అప్పగించి ఆ గుమ్మం దాకా నాతో వచ్చాడు. అందుచేత నంబరు కంటే గుడి, మసీదు, కమాను, హోటలు వంటి గుర్తులు చెప్పి అడుగు. పెద్దవారైతే "చాచా" అనో "అన్నా" అనో పిలువు. ఆటో ఎక్కేముందే కిరాయి మాట్లాడుకో. రోడ్డు దాటేటప్పుడు సగంలో వెనక్కి పరుగెత్తవద్దు, ఇది మాత్రం తప్పక గుర్తుంచుకో.

నాట్లకు కూలీలు దొరికారు, నీవు రానక్కరలేదు. శనివారం మీ అమ్మ ఇచ్చే బియ్యం, పచ్చడి జాడీ తీసుకొని నేనే మొదటి బస్సుకు వస్తున్నాను. బస్టాండుకు ఎదురురా, చింతచెట్టు దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్దాం, ఆదివారం గండిపేట కట్ట మీద నడుద్దాం. వానలు కదా, గొడుగు మరచిపోకు.

ఇట్లు,
నీ మామయ్య