కెనడీ సంతకానికి 8,500 డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఒహాయోలోని కొలంబస్‌లో ఐటీ ఉద్యోగం. వ్యోమగామి జాన్ గ్లెన్‌ను గౌరవిస్తూ 1962లో ప్రభుత్వం ఇచ్చిన ప్రశంసాపత్రం, కింద అధ్యక్షుడు కెనడీ సంతకంతో ఉన్నది, ఒక డీలరు 8,500 డాలర్లకు ఇస్తానంటున్నాడు. క్రెడిట్ కార్డు బాకీ 11,000 డాలర్లు ఉంది, వడ్డీ 22 శాతం. ఐఆర్‌ఏ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) డబ్బు తీసి కొంటే మంచి పెట్టుబడి అవుతుందా?

జవాబు: గ్లెన్ పుట్టిన రాష్ట్రంలోనే ఉంటున్నారు, ఆ మోజు నాకర్థమైంది. కానీ దీన్ని పెట్టుబడి అనకండి.

ముందు సంతకం సంగతి. కెనడీ ఆఫీసులో ఆటోపెన్, అంటే ఆయన సంతకాన్ని మూస ప్రకారం గీసే యంత్రం, బాగా వాడారు. ఆయన బదులు సెక్రటరీలు కూడా సంతకం పెట్టేవారు. చేత్తో పెట్టిన సంతకాలు ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. అదే ఒకే మూస నుంచి వచ్చిన ఆటోపెన్ సంతకాలు రెండింటిని ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి, గీతకు గీత కలిసిపోతుంది. చాలాసార్లు గీత ఆగినచోట సిరా చుక్కలా నిలుస్తుంది, కలం ఒత్తిడి మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. డీలరు తానే రాసిచ్చిన సర్టిఫికెట్ నమ్మడమంటే పెళ్లికొడుకు గుణగణాలు వాళ్లమ్మను అడిగినట్టే. పీఎస్‌ఏ, జేఎస్‌ఏ లాంటి, సంతకాలు అసలువో కావో తేల్చే బయటి సంస్థ చూడాల్సిందే.

తర్వాత, ఆ కాగితం ఎక్కడిది? 1962 ఫిబ్రవరి 23న కేప్ కెనవెరాల్‌లో కెనడీ స్వయంగా గ్లెన్‌కు నాసా పతకం ఇచ్చారు. అలాంటి గౌరవ పత్రం అసలు ప్రతి గ్లెన్ చేతికే వెళ్లాలి. అక్కడినుంచి ఎవరెవరి చేతులు మారి తనదాకా వచ్చిందో డీలరు కాగితాలతో చూపించాలి. ఒకవేళ అది ప్రభుత్వ రికార్డని తేలితే సర్కారు వెనక్కి అడగొచ్చు. అప్పుడు కాగితమూ పోతుంది, డబ్బు కోసం మీరు డీలరు చుట్టూ తిరగాలి.

ఐఆర్‌ఏ జోలికి అసలు వెళ్లొద్దు. మామూలు ఐఆర్‌ఏలోంచి 59½ ఏళ్లలోపు తీస్తే ఆదాయపన్నుతో పాటు సాధారణంగా 10 శాతం పెనాల్టీ. ఖాతాలోనే ఉంచి కొందామన్నా, ఇలాంటి సేకరణ వస్తువుకు పెట్టిన సొమ్మును బయటికి తీసినట్టే లెక్కిస్తారు. ఏడాది దాటాక లాభానికి అమ్మినా, ఫెడరల్ పన్ను 28 శాతం దాకా పడొచ్చు. షేర్లకైతే గరిష్ఠ రేటు 20. వేలంవాళ్ల కమీషన్ వేరే.

చేతిలో 8,500 ఉంటే కార్డు బాకీకి కట్టండి. ఏడాదికి 1,870 డాలర్ల వడ్డీ మిగులుతుంది, దానిమీద పన్ను కూడా లేదు.

ఈలోగా మోజు తీరాలంటే గ్లెన్ అంతరిక్ష యాత్ర జరిగిన కార్యక్రమం పేరిట వచ్చిన 4 సెంట్ల ప్రాజెక్ట్ మెర్క్యురీ స్టాంపు ఉన్న కవరు కొనుక్కోండి. దాన్ని రహస్యంగా ముద్రించి, సీలు వేసిన ప్యాకెట్లలో పోస్టాఫీసులకు పంపారు. 1962 ఫిబ్రవరి 20న గ్లెన్ అంతరిక్షం నుంచి క్షేమంగా దిగాకే ఆ సీళ్లు విప్పారు. మామూలు కవరు కొన్ని డాలర్లకే దొరుకుతుంది. నా టేబుల్ మీద ఒకటుంది.