జీపు మొత్తం ఒక్కసారే విప్పకు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామ దీవించి రాయునది.

నువ్వు మహీంద్రా 540 కొన్నావని చెల్లె ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన ఫోటోలు కూడా చూశాను. మంచి బండి. ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీ. ఆయిలు, నీళ్లు సరిగా చూసుకుంటే ఏళ్లకేళ్లు నడుస్తుంది. ఇంజన్ గురించి నాకు రంది లేదు. సెలవుల్లో బండి మొత్తం విప్పేస్తానని అన్నావట, నా రందంతా దాని గురించే.

అట్లా చేయకు. మిర్యాలగూడ చుట్టుపక్కల ఎన్నో కొట్టాల్లో పట్టా కప్పి పడేసిన జీపులు చూశాను. అవన్నీ ఎవరో ఒకరు ఎంతో ఇష్టంగా విప్పినవే. ఇంజన్ ఒక మూల, బాడీ ఒక మూల, నట్లు బోల్టులన్నీ ఒకే డబ్బాలో. బండి కదలకుండా నెలలు గడిస్తే మనిషికి దాని మీద మనసు పోతుంది, చివరికి పాత ఇనుము వాళ్లకు తూకానికి వేస్తాడు. అందుకని బండిని నడిచే స్థితిలోనే ఉంచి, ఒక పని పట్టుకో. అది పూర్తి చేసి, ఊరు చుట్టూ తిప్పి చూసుకుని రెండోది మొదలుపెట్టు.

ముందు కాగితాలు. ఏపీ 24 నంబరంటే మన నల్లగొండలో రిజిస్టరైన బండే. అయినా చాసిస్ (బండిని మోసే కింది ఇనుప చట్రం) నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో నువ్వే పోల్చి చూడు. తుప్పు పట్టిన చోట వైర్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, పైన సుద్దముక్క పూస్తే అంకెలు తేలుతాయి. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఆ గడువు దాటి ఉంటే పాన పట్టకముందే ఆర్టీఏ ఆఫీసుకు పోయి రా.

తర్వాత చాసిస్. అమ్మినవాళ్లు కిందంతా కొత్తగా నల్లరంగు కొట్టించారని ఫోటోల్లోనే తెలుస్తోంది. ఆ రంగును నమ్మకు. చిన్న సుత్తి తీసుకుని చాసిస్ పట్టీ పొడవునా తట్టుకుంటూ పో. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. కమాన్లు, అంటే చక్రాల మీది స్ప్రింగు పట్టీలు, చాసిస్‌కు తగులుకునే చోట్ల బురద చేరి నిలుస్తుంది కాబట్టి తుప్పు అక్కడే ఎక్కువ. అక్కడ మెత్తగా ఉంటే పైన రేకు అతికించి పుట్టీ పెట్టేవాడి దగ్గరికి పోకు. తిన్న భాగం కోసి, అదే మందం ఇనుముతో వెల్డింగ్ చేసేవాడిని వెతుక్కో. వెల్డింగ్‌కు ముందు డీజిల్ ట్యాంకు దింపించు, బ్యాటరీ వైర్లు తీయించు.

కింద పని చేసేటప్పుడు జాకీని నమ్ముకుని దూరకు బిడ్డా. స్టాండ్లు కొనుక్కో, లేదంటే గట్టి టేకు దిమ్మెలు పెట్టు. ఇటుకలు, సిమెంటు బ్రిక్సు ఉన్నట్టుండి పగిలిపోతాయి. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

బ్రేకులు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. డ్రమ్ము తీశాక, లోపల బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు టోపీని వేలితో కొంచెం వెనక్కి లాగి చూడు. లోపల తడి కనిపిస్తే అది పోయినట్టే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి మార్చకపోతే పైపులను, సిలిండర్లను లోపలి నుంచి తినేస్తుంది. అందుకే పైపులు, రబ్బరు హోజులు, రబ్బర్లు అన్నీ ఒకేసారి కొత్తవి వెయ్యి. ఇక్కడ పైసలకు చూసుకోకు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్మును కంప్రెసర్‌తో ఊదొద్దు. తడిగుడ్డతో తుడిచి పారెయ్యి.

రేడియేటర్‌లో మాత్రం బోరు నీళ్లు పోయకు. మన జిల్లా నీళ్ల సంగతి నీకు నేను చెప్పాలా? ఆ ఉప్పంతా సన్నటి గొట్టాల్లో పేరుకుని ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయాలి.

డీజిల్ ఫిల్టర్ మార్చినా, ట్యాంకు ఖాళీ అయినా లైన్లో గాలి చేరుతుంది. అప్పుడు సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ చంపుకోకు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, డీజిల్ లైన్లో ఉండే చిన్న చేతిపంపు కొడుతూ ఉండు. ముందు నురగ వస్తుంది, నురగ పోయి డీజిల్ ధారగా వచ్చినప్పుడు పంపు కొడుతూనే స్క్రూ బిగించు.

ఇక నీకు ఇష్టమైన మార్పుల సంగతి. పెద్ద టైర్లు, ఎత్తు పెంచడం, ముందు బుల్ బార్ అన్నావట. ఈ బండికి కంపెనీ ఇచ్చినవి 6.00-16 టైర్లు. వాటికన్నా బాగా పెద్దవి వేస్తే స్టీరింగ్ మీద, ఇరుసుల మీద, బ్రేకుల మీద బరువు పెరుగుతుంది, స్పీడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది. పైగా కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. బుల్ బార్ మీద కేంద్రం 2017లోనే కన్నెర్ర చేసింది. నన్నడిగితే హెడ్‌లైట్లకు రిలే పెట్టించు, అది బ్యాటరీ కరెంటును నేరుగా లైట్లకు పంపే చిన్న స్విచ్చి. పాత వైరింగ్‌లో కరెంటంతా స్విచ్చి గుండానే పోయి వెలుతురు సన్నగిల్లుతుంది. రిలే పెడితే అదే బల్బు ఎంత బాగా వెలుగుతుందో నువ్వే చూస్తావు. సీట్లు, టాపు నీ ఇష్టం. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించు.

ఫోర్ వీల్ గేరు బురదలో, ఇసుకలో, చెలకలోనే వెయ్యి. తారు రోడ్డు మీద వేసి మలుపు తిరిగితే ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరే వేరే వేగంతో తిరగాల్సి వస్తుంది, కానీ ఈ గేరు రెంటినీ ఒకే వేగానికి కట్టేస్తుంది. మట్టిలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ ఒత్తిడంతా ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. వాగు దాటి వచ్చిన రోజు ఇరుసుల్లో గేర్ ఆయిల్ చూడు, పాలరంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టు, వెంటనే మార్చెయ్యాలి.

వచ్చే ఆదివారం నేనే దేవరకొండ వస్తాను. బ్రేకుల గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు కింద నట్టు చూసుకోవాలి. నేను పెడల్ దగ్గర కూర్చుంటాను. వీల్ సిలిండర్ రబ్బర్లు, సీసా నిండా కొత్త బ్రేక్ ఆయిల్ తెచ్చి పెట్టు. నేను వచ్చేదాకా బండిని ఇంటి ముందే ఉంచు, రోడ్డెక్కించకు.

ఇట్లు,
మీ మామ