కుబర్నెటీస్ కోర్సుకి అరవై వేలు కట్టాలా?

ప్రశ్న: మాది బరంపురం, పట్టు చీరల కొట్టు. మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ ఆఖరి సంవత్సరం. కుబర్నెటీస్ వస్తే ఉద్యోగం ఖాయమంటూ విశాఖలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 60 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. అది పనికిరాని చదువని కాదు. 2014లో గూగుల్ బయటపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఇవాళ పెద్ద పెద్ద అప్లికేషన్లను నడుపుతోంది. కంటైనర్ (అప్లికేషన్‌ని దానికి కావలసిన సరంజామాతో కలిపి కట్టిన మూట) ఒకటి పడిపోతే లేపుతుంది, రద్దీ పెరిగితే కాపీలు పెంచుతుంది. గ్రీకులో ఆ పేరుకి చుక్కాని పట్టేవాడని అర్థం, మన పడవల వాళ్ల భాషలో సరంగు. కానీ ఆ కంటైనర్లో ఎక్కువగా ఉండేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే. నెట్‌వర్క్ ఓనమాలు, అంటే పోర్టు ఏమిటో, డీఎన్ఎస్ ఏమిటో తెలియకుండా సరంగు టోపీ పెట్టుకుని ఏం లాభం?

ఇంటర్వ్యూలో అడిగేది ఇలా ఉంటుంది: పాడ్ (కుబర్నెటీస్ కంటైనర్లని పెట్టి నడిపే చిన్న యూనిట్) 'క్రాష్‌లూప్‌బ్యాకాఫ్' అని, అంటే లేచి మళ్లీ మళ్లీ పడిపోతోందని చూపిస్తోంది, ఏం చేస్తావు? బట్టీ పట్టినవాడు డిలీట్ చేస్తానంటాడు. చేస్తే కొత్తది వచ్చి అదీ పడిపోతుంది. పని తెలిసినవాడు ముందు పాడ్ వివరాలు చెప్పే డిస్క్రైబ్ కమాండ్ కొట్టి చూస్తాడు, తర్వాత కంటైనర్ రాసుకున్న చిట్టా చూపే లాగ్స్ కమాండ్‌కి 'ప్రీవియస్' తగిలిస్తాడు. ఎందుకంటే అసలు కారణం చచ్చిపోయిన కంటైనర్ లాగ్‌లో ఉంటుంది, ఇప్పుడే లేచినదాంట్లో కాదు. కంటైనర్ ఆగిపోతూ వదిలే నంబరు, అంటే ఎగ్జిట్ కోడ్, 137 అని కనబడితే మెమరీ చాలలేదేమోనని అనుమానిస్తాడు.

దీనికి 60 వేలు అక్కర్లేదు. సొంత కంప్యూటర్లో కుబర్నెటీస్ నడిపే మినీక్యూబ్ ఉచితం. 2 సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్క్ ఉంటే ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. మీ కొట్టు స్టాకు లెక్కకి చిన్న యాప్ రాయమనండి, డాకర్ అనే టూల్‌తో కంటైనర్లో పెట్టి మినీక్యూబ్ మీద ఎక్కించమనండి. తర్వాత మెమరీ లిమిట్ కావాలనే తగ్గించి, అది ఎలా పడిపోతుందో చూడమనండి. రెజ్యూమెలో నేనైతే ముందు చదివేది ఆ ముక్కే.

కుబర్నెటీస్ నడపడం వచ్చని ఇచ్చే సీకేఏ సర్టిఫికెట్ మంచిదే. టిక్కులు పెట్టే పరీక్ష కాదు, 2 గంటలు టెర్మినల్ ముందు పని చేసి చూపాలి. అయితే దాని గడువు 2 ఏళ్లే, ఉద్యోగం రాకముందే ఆ గడియారం తిప్పడం ఎందుకు? ఏదో ఒక టీమ్‌లో చేరాక రాయొచ్చు.

అబ్బాయి మరీ పట్టుబడితే డెమో క్లాసుకి పంపండి. ఒక పాడ్‌ని చెడగొట్టి, అందరి ముందూ బాగుచేసి చూపమని మాస్టారిని అడగమనండి. ఆయన పీపీటీ తెరిస్తే సాయంత్రం బండికే తిరిగి వచ్చేయమనండి.