పైన 1892, కింద అల్యూమినియం

ప్రశ్న: మా అబ్బాయి దగ్గర ఉందామని ఇల్లినాయిస్ వచ్చాం, చిన్న టౌను. సాయంత్రం వాకింగ్‌కి డౌన్‌టౌన్ వైపు వెళ్తుంటాం, అక్కడ మూలమీద రెండంతస్తుల ఇటుక బిల్డింగ్ ఒకటుంది. పైన 1892 అని చెక్కి ఉంది, పై అంతస్తు కిటికీల మీద మూడు లింకుల గొలుసు బొమ్మ ఉంది, కిందేమో పెద్ద అద్దాలు, అల్యూమినియం ఫ్రేములు. కౌంటీ పన్నుల రికార్డులో కట్టిన ఏడు 1900 అని పెట్టారు. ఏది నమ్మాలి?
- ఒక పాఠకుడు

జవాబు: 1900ని మాత్రం నమ్మకండి సార్. అసలు ఏడు తెలీనప్పుడు పన్నుల ఆఫీసుల్లో అలాంటి గుండ్రటి నంబరు ఒకటి వేసేస్తుంటారు, పక్క బిల్డింగులకి కూడా చూడండి, వీధిలో సగం 1900లోనే కట్టినట్టుంటే సంగతి మీకే అర్థమైపోద్ది. 1892 దాదాపు కరెక్టే అయ్యుండాలి. దాదాపు అని ఎందుకన్నానంటే ఆ మూడు లింకుల గొలుసు ఆడ్ ఫెలోస్ అనే సంఘం వాళ్ళ గుర్తు, ఇలాంటి సంఘాలు పైన తమ హాలు పెట్టుకుని కింద షాపులు అద్దెకిచ్చి ఆ డబ్బుతో నడుపుకునేవి, వాళ్ళ బిల్డింగుల మీద ఒక్కోసారి సంఘం మొదలైన ఏడు కూడా చెక్కించేవాళ్ళు.

తేల్చుకోవాలంటే శాన్‌బోర్న్ మ్యాపులు చూడండి. 1867లో మొదలైన కంపెనీ అది, అగ్గి ప్రమాదాలకి ఇన్సూరెన్స్ చేసేవాళ్ళ కోసం దాదాపు 12,000 ఊళ్ళని అంగుళానికి 50 అడుగుల లెక్కన గీసింది. ఇటుకైతే గులాబీ రంగు, చెక్కైతే పసుపు, రాయైతే నీలం, షాపుకి ‘ఎస్’, ఇంటికి ‘డి’, ఎన్ని అంతస్తులో అంకె. చాలా ఊళ్ళకి కొన్నేళ్ళకోసారి కొత్త మ్యాప్ వచ్చేది, కాబట్టి 1892కి ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టుకోండి, మొదటిదాంట్లో మీ మూలమీద పసుపు రంగు చెక్క కొట్లు ఉండి రెండోదాంట్లో గులాబీ కనిపిస్తే ఇంక వాదనే లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు వేలకొద్దీ షీట్లు ఫ్రీగా ఆన్‌లైన్‌లో పెట్టారు. బ్లాక్ అండ్ వైట్ స్కాన్ల జోలికి పోకండి, రంగు లేకపోతే ఆ మ్యాపులో సగం ప్రాణం పోయినట్టే. ఇంకోటి, కొన్ని కాపీల్లో కొత్త మార్పుల్ని చిన్న కాగితం ముక్కల మీద గీసి పాత షీటు మీదే అంటించేసేవాళ్ళు, అందుకని మొదటి పేజీలో ఉన్న ఏడే లోపల అన్నిటికీ అనుకోవద్దు.

ఇక కింద భాగం సంగతి. ఇటుక గోడ పైన అలాగే ఉండి కింద ముఖం మాత్రం మూడు నాలుగుసార్లు మారడం ఈ బిల్డింగుల్లో మామూలే. మొదట్లో అయితే పోత ఇనుప స్తంభాలు, వాటి మధ్య పెద్ద అద్దాలు, ఇవి కేటలాగ్ చూసి ఆర్డర్ పెడితే రైల్లో వచ్చేవి. మెస్కర్ అన్నదమ్ములు ఈ వ్యాపారంలో బాగా పేరున్నవాళ్ళు, ఇద్దరు సెయింట్ లూయిస్‌లో, ఇంకో ఆయన జార్జ్ ఇండియానాలోని ఎవాన్స్‌విల్‌లో విడిగా. ఈసారి వెళ్ళినప్పుడు తలుపు పక్కన స్తంభం ఉందేమో చూసి, వంగి అడుగున నేలకి దగ్గరగా చూడండి, పెయింట్ పొరల కింద కంపెనీ పేరున్న చిన్న పలక దొరకొచ్చు. ఇనుమా కాదా అని డౌటుంటే ఫ్రిజ్ మీద పెట్టుకునే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి, కాస్త వింతగా చూస్తారు అంతే.

ఆ తర్వాత మాంద్యం వచ్చింది, 1934 హౌసింగ్ చట్టం కింద షాపులు కొత్తగా చేసుకోడానికి కూడా ప్రభుత్వ హామీతో అప్పులు దొరికాయి, అద్దాల కంపెనీ లిబీ ఓవెన్స్ ఫోర్డ్ అయితే 1935లో మెయిన్ స్ట్రీట్‌ని మోడర్న్ చేయండి అని ఆర్కిటెక్టులకి పోటీయే పెట్టింది. నున్నటి రంగు గాజు పలకలు అప్పుడొచ్చినవే. మీరు చెప్పే అల్యూమినియం బహుశా దాని తర్వాతది, 1950లు, 60లు. మినియాపొలిస్ పక్కన 1956లో సౌత్‌డేల్ మాల్ తెరిచారు, పూర్తిగా పైకప్పూ ఏసీ ఉన్న మొదటి మాల్ అంటారు దాన్ని, అలాంటివి వచ్చేసరికి డౌన్‌టౌన్ షాపులవాళ్ళు భయపడి కొత్తగా కనపడాలని పాత ముఖాల మీద రేకులు కొట్టించేసుకున్నారు. నా దృష్టిలో ఆ రేకులు ఒకరకంగా మేలే చేశాయి, చాలాచోట్ల వెనకాల అసలుది చెక్కుచెదరకుండా ఉండిపోయింది. లోపల తక్కువ ఎత్తులో ఫాల్స్ సీలింగ్ ఉంటే షాపాయన్ని అడిగి ఒక పలక లేపించి చూడండి, పైన అచ్చు నొక్కిన రేకు సీలింగ్ ఉండే అవకాశం బాగా ఉంది.

ప్రశ్న: నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో, పెడితే ఓనరు దాన్ని కూల్చకుండా ఆగుతాడా?
- అదే పాఠకుడు

జవాబు: ఆగక్కర్లేదు. 1966 చట్టంతో వచ్చిన ఆ రిజిస్టర్‌లో పేరున్నా ఓనరు సొంత డబ్బుతో ఏం చేసుకున్నా, కూల్చేసినా సరే, రిజిస్టర్ తరఫున అడ్డులేదు. ఆపగలిగేది ఊళ్ళో సిటీ కౌన్సిల్ చేసుకున్న రూలు, అది మీ టౌన్‌లో ఉందో లేదో సిటీ హాల్లో కనుక్కోండి. రిజిస్టర్ వల్ల లాభమల్లా అద్దెలాంటి ఆదాయం వచ్చే బిల్డింగ్‌ని వాళ్ళ పద్ధతిలో బాగుచేస్తే ఆ ఖర్చులో 20 శాతం ఫెడరల్ ట్యాక్స్‌లో తగ్గడం, అదీ 5 ఏళ్ళలో కొంచెం కొంచెంగా. పని మొదలెట్టే ముందే అప్లై చేయమని ఓనరుకి చెప్పండి, కిటికీలు మార్చేశాక వెళ్తే చాలామందికి అక్కడే దెబ్బ పడుతుంది.