గాబ్లిన్ల లెక్క

తమ్ముడూ,

డీ అండ్ డీకి, అదే బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేసుకుని డైస్‌తో ఆడే కథల ఆటకి, నువ్వు రాసిన అడ్వెంచర్ రాత్రి చదివాను. వాగు ఒడ్డున గుహ, లోపల పొగ వాసన, గుమ్మానికి వేలాడే గుర్రపు డెక్కలు. బాగా కుదిరాయి. ఆ గుమ్మంలో ఎనిమిది గాబ్లిన్లను, ఆ పొట్టి రాక్షసులను, నిలబెట్టావు చూడు, నా పేచీ అక్కడే.

ఒక్కోదాన్ని ఓడిస్తే 50 ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు. ఎనిమిదికి 400. మొదటి లెవెల్ ఆటగాళ్లు నలుగురైతే అన్నిటికన్నా కఠినమైన పోరుకు పుస్తకం పెట్టిన గీత కూడా 400. సరిపోయిందనుకున్నావు. డీ అండ్ డీ 2014 పుస్తకంలో గుంపు పెరిగే కొద్దీ హెచ్చవేయమన్నారు. ఎనిమిదింటికి రెండున్నర రెట్లు, అంటే 1000. 2024 పుస్తకంలో ఆ హెచ్చవేత తీసేశారు. లెక్క తేలికైంది గానీ గాబ్లిన్లు తేలికవలేదు. రౌండుకి మనవాళ్లు నాలుగుసార్లు కొడితే అవి ఎనిమిదిసార్లు కొడతాయి. విజార్డ్‌కి, అంటే మంత్రగాడి పాత్రకి, ఉండేది ఏడో ఎనిమిదో హిట్ పాయింట్లు. దెబ్బ తగిలిన కొద్దీ తరిగే ప్రాణమన్నమాట. రెండు కత్తిపోట్లకి పడిపోతాడు.

పోనీ ఒక్కదాన్నే పెడితే? తొలిసారి నేను చేసిందదే. ఒకే ఒక ఓగర్, భారీ రాక్షసుడు. దాని దుడ్డుకర్ర తగిలితే సగటున 13 పాయింట్లు పోతాయి. ఆ రోజు నాకు 15 పడింది. ఏడు పాయింట్ల విజార్డ్‌కి 14 తగిలిందంటే స్పృహ తప్పడం కూడా ఉండదు, నేరుగా చావే. ఆ పాత్ర ఆడుతున్న అమ్మాయి రెండు సాయంత్రాలు కూర్చుని గీసుకున్న విజార్డ్ బొమ్మ బల్ల మీదే ఉంది. ఆమె వంతు ఇంకా రానేలేదు. మిగతా మూడు గంటలూ మా అందరికీ టీలు పోస్తూ కూర్చుంది.

అందుకని ఎనిమిదినీ ఉంచు, ఒకేసారి మీద పడనివ్వకు. గుమ్మం దగ్గర రెండు. లోపల మూడు పేకాటలో ఉన్నాయి. గంట మోగితే రెండో రౌండులో వస్తాయి. ఆ గంట తాడు ఆటగాళ్లకి కనబడేలా రాయి, తెంపితే తెంపుతారు. రెండు వంట దగ్గర, గరిటె వదిలి రావడానికి వాటికి మనసొప్పదు. ఎనిమిదోది నాయకుడు. అది పడితే మిగతావి వాగు వెంట పరుగు. ఈ ఆఖరి ముక్క డీఎంకి, అంటే ఆట నడిపేవాళ్లకి, తప్పకుండా రాసిపెట్టు. కొత్త డీఎంలు గాబ్లిన్లను చివరిదాకా కొట్లాడిస్తారు, ప్రాణం మీద తీపి వాటికీ ఉంటుందని మర్చిపోయి.

డీఎం తన తెర వెనక డైస్ మీద పడిన అంకెను మార్చి చెప్పొచ్చని మాత్రం రాయకు. నాకది గిట్టదు.

మీవాళ్లతో ఒకసారి ఆడించి, ఎవరు ఏ రౌండులో పడ్డారో అంచున రాసి పంపు. గుర్రపు డెక్కలు తీసేయకు.

మీ అన్న