అప్పు చేసి న్యూజిలాండ్ వద్దు. ముందు ట్రావెల్ బీమా గడువు చూడండి

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. తిరుపతి బైరాగిపట్టెడలో సొంతిల్లు ఉంది. నా భార్యకు 63 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. మూడున్నర నెలలుగా మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నాం. తిరుగు టికెట్ సింగపూర్ మీదుగా చెన్నైకి. ఇంత దూరం వచ్చాం కాబట్టి న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్, టెకాపో, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫోర్డ్ సౌండ్ 9 రోజులు, సింగపూర్ 4 రోజులు చూసి ఇంటికి రావాలని ఆశ. న్యూజిలాండ్‌కు 4.9 లక్షలు, సింగపూర్‌కు 1.6 లక్షలు, మొత్తం 6.5 లక్షలు అవుతుందన్నారు. పింఛను చేతికి నెలకు 52,000 వస్తుంది. సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు, బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో 1.4 లక్షలు ఉన్నాయి. ఆరోగ్యానికి ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల ఆరోగ్య పథకం) కార్డు ఉంది. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవాలా, లాకర్లో ఉన్న 20 సవర్ల బంగారం మా అబ్బాయితో కుదువ పెట్టించాలా, క్రెడిట్ కార్డు వాడుకుని మెల్లగా కట్టుకోవాలా? అమ్మాయిని అడగడం ఇష్టం లేదు.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: సింగపూర్ చూసి రండి. న్యూజిలాండ్ ఈసారికి మానుకోండి. ఎఫ్‌డీ మీద గానీ, బంగారం మీద గానీ, కార్డు మీద గానీ అప్పు వద్దే వద్దు. వీటన్నిటికంటే ముందు, ఈ రోజే మీ ట్రావెల్ బీమా పాలసీ తీసి గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. ఇంత వివరంగా రాశారు గానీ బీమా ఊసే ఎత్తలేదు. నాకు అసలు భయం అక్కడే.

మీ ప్రశ్ననే తీసుకోవడానికి కారణముంది. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే పెద్దవాళ్లు బయల్దేరేటప్పుడు టికెట్లు, బీమా, చేతిఖర్చు అన్నీ లెక్కగానే చూసుకుంటారు. తిరుగు ప్రయాణం దగ్గరపడేసరికి ‘మళ్లీ ఎప్పుడొస్తాం’ అంటూ రెండు ఊళ్లు కలుపుతారు. ఆ రెండు ఊళ్లకు బడ్జెట్ ఉండదు, బీమా ఉండదు. అప్పుడే బ్యాంకులో ఉన్న ఎఫ్‌డీ ఊరికే పడున్న డబ్బులా కనిపిస్తుంది.

మీ 6 లక్షలు ఊరికే పడి లేవండీ. అది మీ ఇద్దరి ఆసుపత్రి డబ్బు. పింఛను నెలనెలా వస్తుంది కాబట్టి ఉద్యోగులకు చెప్పే ఆరు నెలల ఖర్చుల లెక్క మీకు పనికిరాదు. మీకు పెద్ద మొత్తం ఒక్కసారిగా కావాల్సివచ్చేది ఆసుపత్రి కౌంటర్ దగ్గరే. ఈహెచ్‌ఎస్ కార్డు మంచిదే. కానీ అది నగదు లేకుండా పనిచేసేది జాబితాలో ఉన్న ఆసుపత్రిలో, జాబితాలో ఉన్న చికిత్సకు. రాత్రి రెండు గంటలకు ఛాతీలో నొప్పి వస్తే అంబులెన్సు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోతుంది. అది జాబితాలో లేకపోతే చేర్చుకునేటప్పుడే లక్షో, లక్షన్నరో కట్టమంటారు. వేలూరుకో చెన్నైకో మార్చాల్సివస్తే ఇంకా పెరుగుతుంది. తర్వాత బిల్లులు పెట్టి రీయింబర్స్‌మెంట్ అడగవచ్చు. అది వచ్చేది ఆ చికిత్సకు పథకంలో పెట్టిన ప్యాకేజీ రేటు మేరకే, అదీ ఫైలు వెనక తిరిగి తిరిగి. షుగర్, బీపీ ఉన్న మనిషి ఇంట్లో ఉన్నప్పుడు కనీసం 5 లక్షలు ఒక్క రోజులో చేతికొచ్చేలా ఉండాలి. మీ ఎఫ్‌డీ, సేవింగ్స్ కలిపితే ఆ గీతకు కొంచెం పైన ఉన్నారు, అంతే.

ఓవర్‌డ్రాఫ్ట్‌లో తెలియకుండా చిక్కుకునేది కూడా ఇక్కడే. మీరడిగిన మూడింట్లో వడ్డీ తక్కువ దానికే, ఎఫ్‌డీ రేటు కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. ఎఫ్‌డీ ఒక్కరి పేరు మీద ఉంటే చాలా బ్యాంకుల్లో యాప్‌లోనే ఇచ్చేస్తారు. అంత సులువు కాబట్టే ప్రమాదం. 6 లక్షల మీద 90 శాతం, అంటే 5.4 లక్షలు వాడుకున్నారనుకోండి. అది కట్టేదాకా ఎఫ్‌డీ బ్యాంకు చేతిలో ఉంటుంది. పాస్‌బుక్‌లో 6 లక్షలే కనిపిస్తాయి. అవసరమొచ్చి రద్దు చేస్తే మీ చేతికి వచ్చేది 60,000, అందులోనూ వడ్డీ పోను.

బంగారం సంగతి. లాకర్ తెరవాలంటే అది ఎవరి పేరు మీద ఉందో వాళ్లు గానీ, బ్యాంకులో వాళ్లు రాతపూర్వకంగా అధికారం ఇచ్చినవాళ్లు గానీ రావాలి. మీ పేరు మీద లోను కావాలంటే మీరే సంతకం పెట్టాలి. మీరేమో మెల్‌బోర్న్‌లో ఉన్నారు. కాబట్టి చివరికి మీ అబ్బాయి తన పేరు మీదే లోను తీయాలి, అమ్మ నగలు తనవేనని రాసివ్వాలి. ఇంట్లో ఇలాంటివి మాట మీద నడిచిపోతాయనుకుంటాం, కాగితం మీద అవి అప్పు తీసుకున్నవాడివి. సరే, ఎలాగో తీశారనుకుందాం. 6.5 లక్షలకు ఏడాదికి 9.5 శాతం చొప్పున 61,750 వడ్డీ. ఈఎంఐ లేని లోను కాబట్టి నెలనెలా భారం తెలియదు, ఏడాది తిరిగేసరికి దాదాపు 7.12 లక్షలు ఒక్కసారే కట్టాలి. ఎక్కడి నుంచి కడతారు? ఎఫ్‌డీ నుంచే. అంటే ఈ రోజు కాపాడుకున్నామనుకున్న డబ్బు ఏడాది ఆలస్యంగా, వడ్డీతో సహా పోతుంది. కట్టలేకపోతే నోటీసు, ఆ తర్వాత వేలం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుందామన్న ఆలోచన ఉంటే అది ఏడాదికి 24 శాతమని గుర్తుపెట్టుకోండి.

క్రెడిట్ కార్డు బిల్లు ‘మెల్లగా కట్టుకోవడం’ అనే మాట రిటైరైన వాళ్ల నోట రాకూడదు. నెలకు 3.5 శాతం వడ్డీ పడే కార్డు మీద 6.5 లక్షలు ఉంటే మొదటి నెల వడ్డీ 22,750, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 26,845. మీ పింఛనులో సగం వడ్డీకే పోతుంది, అసలు రూపాయి తగ్గదు. పింఛను మీద పర్సనల్ లోన్ ఇస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే అదీ చూద్దాం. 13 శాతానికి మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 21,900. తొమ్మిది రోజుల యాత్ర కోసం 36 నెలలు కట్టాలి. సీనియర్ సిటిజన్ ఖాతా ముట్టుకోవద్దు. అందులోంచి కొంత తీయడం కుదరదు, మొత్తం మూసేయాలి. మూసే సమయాన్ని బట్టి 1.5 లేదా 1 శాతం కోత, అంటే 15 లక్షల మీద 22,500 లేదా 15,000.

ఇప్పుడు బీమా. ట్రావెల్ పాలసీని చాలామంది తిరుగు టికెట్ తేదీ దాకానే తీసుకుంటారు. మీదీ అలాగే ఉంటే, మీరు కలిపిన 13 రోజులకు ఏ రక్షణా లేదు. ఈహెచ్‌ఎస్ విదేశాల్లో పనికిరాదు. పాలసీ మొదటి పేజీలో మూడు గడులు చూడండి. ఒకటి, గడువు తేదీ. రెండు, భౌగోళిక పరిధి: ‘అమెరికా, కెనడా మినహా ప్రపంచమంతా’ అని ఉంటే సింగపూర్ దాని కిందికి వస్తుంది, ఒక్క ఆస్ట్రేలియా పేరే ఉంటే రాదు. మూడు, ముందు నుంచి ఉన్న జబ్బుల నిబంధన. షుగర్, బీపీ ఉన్నట్టు దరఖాస్తులో రాశారా? రాయకపోతే గుండె, కిడ్నీ సంబంధమైన క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి అదొక్కటి చాలు. రాసినా చాలా పాలసీలు ప్రాణాపాయ స్థితిలోనే, అదీ ఒక పరిమితి దాకానే ఇస్తాయి. అరవై దాటినవాళ్ల పాలసీల్లో ఒక్కో జబ్బుకు విడిగా పరిమితులు కూడా పెడతారు. ఎంతో చూసుకోండి.

గడువు పొడిగించుకోవడం కష్టం కాదు. కానీ పాలసీ బతికి ఉండగానే అడగాలి. వారం, పది రోజుల ముందే కంపెనీకి మెయిల్ పెట్టండి. ఇద్దరి పాస్‌పోర్టు కాపీలు, మార్చిన టికెట్ వివరాలు, ఆరోగ్యంగా ఉన్నామన్న డిక్లరేషన్ అడుగుతారు. ఈ మధ్యలో క్లెయిమ్ చేసి ఉంటే పొడిగింపు నిరాకరించవచ్చు. చాలా పాలసీల్లో మొత్తం 180 రోజులు దాటకూడదు. డబ్బు కట్టేసి ఊరుకోకండి, కొత్త తేదీతో సర్టిఫికెట్ చేతికొచ్చాకే టికెట్ మార్చండి. గడువు ముగిసిపోయాక అయితే చిక్కు, ఎందుకంటే మన కంపెనీలు సాధారణంగా ఇండియాలో ఉండగా కొన్నవాళ్లకే పాలసీ ఇస్తాయి. అప్పుడు అక్కడి కంపెనీల దగ్గర విజిటర్ పాలసీ వెతుక్కోవాలి, షుగర్ ఉన్నవాళ్లకు అది ఖరీదు.

బీమా గురించి ఇంత పట్టుబట్టడానికి మీ న్యూజిలాండ్ రూటే ఉదాహరణ. అక్కడ పర్యాటకులకు ప్రమాదంలో దెబ్బ తగిలితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం చికిత్స ఖర్చు చూస్తుంది. ఇది విని ‘అక్కడ వైద్యం ఉచితం’ అనుకుంటారు. కాలు జారి విరిగితే ఏసీసీ ఉంది, గుండెపోటుకో షుగర్ పడిపోవడానికో లేదు. క్వీన్స్‌టౌన్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి, పెద్ద కేసుల్ని ఇన్వర్‌కార్గిల్‌కో డునెడిన్‌కో పంపుతారు. మిల్‌ఫోర్డ్ సౌండ్ క్వీన్స్‌టౌన్ నుంచి కొండదారిలో నాలుగు గంటలు. అక్కడ అమ్మగారికి ఒంట్లో బాగాలేకపోతే హెలికాప్టర్ బిల్లు, ఆసుపత్రి బిల్లు రెండూ మీ మీదే పడతాయి.

వీసా కోణం కూడా ఉంది. భారతీయులకు న్యూజిలాండ్ వీసా విడిగా కావాలి. మీ తిరుగు టికెట్ మెల్‌బోర్న్ నుంచి మొదలవుతుంది కాబట్టి మళ్లీ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టాలి. మీ ఆస్ట్రేలియా వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చినదైతే అది కుదరదు. పోనీ క్రైస్ట్‌చర్చ్ నుంచి నేరుగా సింగపూర్ వచ్చి, అక్కడ పాత టికెట్ మీద చెన్నై విమానం ఎక్కుదామనుకుంటే ఎక్కనివ్వరు. మొదటి అంచె వాడకపోతే ఎయిర్‌లైన్ మిగతా అంచెలన్నీ రద్దు చేస్తుంది.

సింగపూర్ మాత్రం మీ దారిలోనే ఉంది. కొత్త టికెట్ కొనకండి. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి, ఉన్న టికెట్‌లోనే సింగపూర్‌లో మూడు రాత్రులు ఆగడానికి ఎంత కట్టాలో అడగండి. మామూలుగా తేదీ మార్పు రుసుము, ఛార్జీలో తేడా అడుగుతారు. విమానం దిగాక వీసా ఇచ్చే పద్ధతి అక్కడ భారతీయులకు లేదు, అది ముందే తేల్చుకోండి. అరైవల్ కార్డు దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపవచ్చు. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. ఫారర్ పార్క్ మెట్రో దగ్గర బస చూసుకుంటే సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెల నడక దూరం, శాకాహార హోటళ్లకు కొదవ లేదు. గార్డెన్స్ బై ద బేలో బయటి తోటలు, రాత్రి దీపాల ప్రదర్శన ఉచితమే. ప్యాకేజీ లేకుండా మూడు రోజులు ఇద్దరికీ 1.1 లక్షలు దాటకుండా చూసుకోండి, అది సేవింగ్స్ నుంచే ఇవ్వండి. ఎఫ్‌డీ అలాగే ఉంటుంది, వచ్చే నెల పింఛనుతో సేవింగ్స్ మళ్లీ నిండడం మొదలవుతుంది.

ఖర్చుపెట్టేటప్పుడు ఒక సంగతి. ఆస్ట్రేలియా డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డును సింగపూర్‌లో గీస్తే ఒక కరెన్సీ నుంచి ఇంకోదానికి మార్చినందుకు క్రాస్ కరెన్సీ రుసుము పడుతుంది. కార్డులో సింగపూర్ డాలర్ల వాలెట్ ఉంటే అందులోకి మార్చుకోండి. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ ఖర్చుకు బ్యాంకు వేసే 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ కలిపితే లక్షకు 4,130. కౌంటర్లో మెషీన్ ‘రూపాయల్లో కడతారా’ అని అడిగితే వద్దని, సింగపూర్ డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లు పెట్టిందే.

అమ్మాయిని అడగడం ఇష్టం లేదన్నారు. ఆ మొహమాటం అర్థమవుతుంది, గౌరవిస్తాను. కానీ తానే ముందుకొచ్చి న్యూజిలాండ్ ఖర్చు పెడతానంటే, బీమా, వీసా రెండూ సరిపోతే, కాదనకండి. బ్యాంకుకు వడ్డీ కట్టడం కంటే కన్నబిడ్డ చేతి డబ్బుతో చూసి రావడంలో తప్పేమీ లేదు. అలా కుదరకపోతే న్యూజిలాండ్ కోసం విడిగా పోగేయండి. 15 లక్షల మీద 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 వస్తోంది. దానికి నెలకు 20,000 పింఛను నుంచి కలిపితే 16, 17 నెలల్లో ఆ 4.9 లక్షలు అప్పు లేకుండా చేరతాయి. చెన్నై నుంచి మళ్లీ వెళ్లాలంటే విమాన ఖర్చు పెరుగుతుంది, నిజమే. దానికి ఇంకో ఏడెనిమిది నెలలు ఆగండి.

ఆ పోగు మొదలుపెట్టేముందు, ఇంటికి రాగానే ఇంకో పని ఉంది. ఇద్దరికీ ఏడాదిలో ఆసుపత్రి ఖర్చు 5 లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాప్ అప్ ఆరోగ్య పాలసీ తీసుకోండి. వయసు పేరుతో అసలు అమ్మకుండా ఉండే పద్ధతి 2024లో పోయింది. ముందు నుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. ఆ మూడేళ్లు ఎంత త్వరగా మొదలైతే అమ్మగారికి అంత మంచిది. షుగర్, బీపీ ఎప్పటి నుంచి, ఏ మందులు వాడుతున్నారో దరఖాస్తులో దాచకుండా రాయండి. మొదటి ఏడాది ప్రీమియం సీనియర్ సిటిజన్ ఖాతా వడ్డీలోంచి కట్టేయండి.

ఇంకొకటి, ఇది ఈ వారంలోనే చేయాలి. మీ ఇండియా సిమ్ రీఛార్జ్ గడువు చూసుకోండి. రీఛార్జ్ అయిపోయి నంబరు మూగబోతే బ్యాంకు ఓటీపీ రాదు. బీమా పొడిగింపుకు డబ్బు కట్టాలన్నా, అవసరంలో ఎఫ్‌డీ రద్దు చేయాలన్నా ఆ ఓటీపీయే కావాలి. మీ అబ్బాయితో తిరుపతి నుంచే రీఛార్జ్ చేయించండి, రోమింగ్ ఆన్‌లో ఉంచండి, బీమా కంపెనీ సహాయ కేంద్రం నంబరు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. ఆసుపత్రిలో చేరితే 24 గంటల్లోగా ఆ నంబరుకు తెలపాలని చాలా పాలసీల్లో ఉంటుంది.